ఉదయసముద్రంలో నీరు ఎక్కడిది? పానగల్లు చెరువు వెనుక ఉన్న ఎత్తుపల్లాల లెక్క

నల్లగొండ పట్టణం దాటి పానగల్లు చెరువు కట్ట ఎక్కిన వారికి ఒక్కోసారి ఒక వింత ఎదురవుతుంది. వానలు పడుతున్న శ్రావణ భాద్రపదాల్లో కట్ట లోపలి వైపు రాతి పేర్పు మీద నీటి గీత కిందికి జారిపోయి, తడి ఆరిన చోట తెల్లని చార మిగిలి ఉంటుంది. చుట్టుపక్కల బోర్లు గాలి పోస్తున్న ఎండకాలంలో మాత్రం అదే చెరువు అలలు కొడుతూ కట్టను తాకుతూ ఉంటుంది. వాన పడితే నిండాలి, ఎండ కాస్తే ఎండాలి అన్న చెరువు ధర్మం ఇక్కడ పనిచేయడం లేదేమోనన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది. నిజానికి ఆ ధర్మం ఇక్కడ చాలా కాలం క్రితమే మారిపోయింది. ఉదయసముద్రం పేరుకు చెరువే అయినా, ఇవాళ అది చేసే పని కాలువల మధ్య నీటిని ఆపి, సర్ది, పంచే కూడలి పని. ఇంజినీర్లు దాన్ని బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అంటారు. ఊరి వాళ్లు మాత్రం ఇప్పటికీ చెరువనే అంటారు. రెండు మాటల్లోనూ తప్పు లేదు.

ఈ కూడలి ఎలా ఏర్పడిందో తెలియాలంటే చరిత్ర కంటే ముందు మూడు ఎత్తులను గుర్తు పెట్టుకోవడం మేలు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఈ రెండింటికీ నడుమ, పెద్దఅడిశర్లపల్లి మండలంలోని అక్కంపల్లి జలాశయం పూర్తి మట్టం 245 మీటర్లు, అంటే దాదాపు 804 అడుగులు. అక్కంపల్లి నుంచి పానగల్లు వైపు నేల వాలుగా దిగుతుంది కనుక అక్కడికి చేరిన నీరు కాలువ పట్టుకుని తనంతట తానే ఉదయసముద్రానికి రాగలదు. చిక్కంతా ఆ నీటిని అక్కంపల్లికి చేర్చడంలోనే ఉంది. శ్రీశైలం నుంచి తేవాలంటే ఎత్తు చాలినంత ఉంది గానీ నడుమ నల్లమల అడ్డం ఉంది. సాగర్ నుంచి తేవాలంటే అడవి అడ్డం లేదు గానీ ఎత్తు చాలదు. మొదటి దారికి కొండ తొలవాలి, రెండో దారికి నీటిని మోటార్లతో పైకి తోడాలి. గత నలభై ఏళ్ల నల్లగొండ నీటి రాజకీయం మొత్తం ఈ రెండు వాక్యాల మధ్యనే తిరిగింది.

నాగార్జునసాగర్ ఈ జిల్లా గడ్డ మీదనే ఉంది కదా, మరి ఈ అవస్థ ఎందుకని బయటి వారు అడుగుతారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. అది 590 అడుగుల జలాశయం నుంచి బయలుదేరుతుంది కనుక అంతకంటే పల్లంలో ఉన్న నేలనే తడపగలదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు భూములు అలా పచ్చబడ్డాయి. ఎగువన ఉన్న దేవరకొండ, మునుగోడు, నకిరేకల్ ప్రాంతాలకు, నల్లగొండ పరిసర గ్రామాలకు ఆ కాలువ ఎప్పటికీ అందదు. ఒకే జిల్లాలో ఒక పక్క రైసు మిల్లుల వరుస, మరో పక్క ఫ్లోరైడు బోర్లు ఉండటానికి కారణం ఎవరి పక్షపాతమన్న చర్చ ఎంతైనా చేయవచ్చు గానీ, అన్నిటికంటే ముందు వచ్చే కారణం నేల ఎత్తు.

ప్రస్తుతం నీరు వచ్చే దారి సాగర్ దారే. సాగర్ జలాశయం వెనుక భాగంలో, పుట్టంగండి దగ్గర పంపుహౌస్ ఉంది. అందులో ఒక్కొక్కటి 18 మెగావాట్ల సామర్థ్యం గల నాలుగు మోటార్లు, ఒక్కొక్కటి 600 క్యూసెక్కుల చొప్పున, అన్నీ నడిస్తే 2,400 క్యూసెక్కుల నీటిని అక్కంపల్లికి ఎత్తిపోస్తాయి. సాగర్ మట్టం 510 అడుగులకు దిగేదాకా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. అంతకంటే దిగితే అత్యవసర పంపులు పెట్టుకోవలసి వస్తుంది. 510 అడుగుల నుంచి 804 అడుగులకు అంటే దాదాపు 90 మీటర్లు. ముప్ఫై అంతస్తుల భవనం మీదికి ఒక చిన్న నదిని ఎక్కించినట్టే లెక్క. అక్కంపల్లి నిల్వ సామర్థ్యం 1.5 టీఎంసీలు, కాలువ దిగువన ఉన్న ఉదయసముద్రానిదీ అంతే. ఈ మొత్తం ఏర్పాటుకు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు అని పేరు. మంత్రిగా ఉండగానే 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలుడులో మరణించిన నాయకుని పేరు అది. అయినా రైతుల నోట 'ఎస్సెల్బీసీ కాలువ' అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ అనే ఆ పేరు, నీరు శ్రీశైలం నుంచి రావలసి ఉందన్న సంగతిని ఇంకా గుర్తు చేస్తూనే ఉంది.

ఇక్కడ కొంచెం లెక్క చేయాలి, ఎందుకంటే టీఎంసీ, క్యూసెక్కు అనే మాటలు రోజూ వార్తల్లో చదివినా వాటి మధ్య సంబంధం చాలామంది చేతికి చిక్కదు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు. అది రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. పుట్టంగండిలో నాలుగు మోటార్లూ ఆగకుండా నడిస్తే రోజుకు టీఎంసీలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ వస్తుంది. ఆ లెక్కన, మధ్యలో ఎవరూ ఒక్క చుక్క వాడుకోకుండా, ఆవిరి పోకుండా, కాలువ ఇంకకుండా ఉంటే ఉదయసముద్రం నిండటానికి ఏడు రోజులకు పైనే పడుతుంది. వాస్తవంలో అలా ఎప్పుడూ జరగదు. వాడుకునేవాళ్లు దారి పొడవునా ఉన్నారు.

వారిలో మొదటివాడు, అందరికంటే పెద్దవాడు, హైదరాబాదు. అక్కంపల్లి నుంచి నీటిని తీసుకుని కోదండాపురంలో శుద్ధి చేసి నగరానికి పంపే కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ 2004లో, రెండో దశ 2008లో, మూడో దశ 2015లో పూర్తయ్యాయి. ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, ఏడాదికి 5.5 టీఎంసీలు. మూడింటికీ కలిపి 16.5 టీఎంసీలు. దీన్ని రోజుల మీద పంచితే దాదాపు 520 క్యూసెక్కులు వస్తుంది. అంటే పుట్టంగండిలోని నాలుగు మోటార్లలో ఒకటి, ఇంచుమించు ఏడాది పొడవునా, కేవలం రాజధాని గొంతు తడపడానికే తిరుగుతున్నట్టు. ఇది ఫిర్యాదుగా రాయడం లేదు. కోటిమంది దాహం చిన్న విషయం కాదు. కానీ యాసంగిలో కాలువ చివరి రైతు తన వంతు నీరు ఎందుకు ఆలస్యమైందని అడిగినప్పుడు సమాధానంలో ఈ అంకె ఉండి తీరాలి.

మిగిలిన మూడు మోటార్ల నీటితో సుమారు 2.2 లక్షల ఎకరాలకు నీరందించాలన్నది ప్రాజెక్టు ఉద్దేశం. ఒక టీఎంసీతో ఆరుతడి పంటలైతే పదివేల ఎకరాలు పండించవచ్చని మామూలుగా వేసే అంచనా. వరి అయితే ఆ అంకె బాగా పడిపోతుంది. అందువల్ల ఉదయసముద్రంలోని 1.5 టీఎంసీలు ఎంత నిండుగా కనిపించినా, దాని మీదే ఆధారపడి లక్షల ఎకరాలు సాగు కావన్నది స్పష్టం. మరి ఆ నిల్వ దేనికి? ఇంటి ముందు సంపును తలుచుకుంటే విషయం తేలికవుతుంది. నల్లా వచ్చేది ఒక వేళకు, మనం వాడుకునేది వేరే వేళకు. వచ్చేది సన్నని ధార, ఒకేసారి కావలసింది బిందెల కొద్దీ. సంపు ఆ రెండింటినీ సర్దుతుంది. పుట్టంగండిలో ఒక మోటారు మరమ్మతుకు ఆగినా, కరెంటుకు ఆటంకం వచ్చినా, ఎగువన కాలువకు గండి పడినా, దిగువ కాలువల్లో నీరు వెంటనే ఆగిపోకుండా కొన్ని రోజులు నడిపించగలగడమే ఈ చెరువు చేసే పని. అందుకే దాని మట్టం వానను బట్టి కాక, ఎగువ మోటార్లను, దిగువ తూములను బట్టి లేస్తూ దిగుతూ ఉంటుంది. భాద్రపదంలో చార కనిపించడానికి, వైశాఖంలో అలలు కొట్టడానికి వెనుక ఉన్న రహస్యం ఇంతే: ఒకటి నాట్లకు నీరు వదిలిన ఫలితం, రెండోది తాగునీటికి నిలబెట్టిన ఫలితం.

అయితే ఇది మోటార్లతో పుట్టిన జలాశయం కాదు. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులకు పానగల్లు ఒక రాజధాని. (వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్లు వేరు. రెండింటినీ కలిపేసి రాసిన వ్యాసాలు తరచూ కనిపిస్తుంటాయి.) ఆ వంశపు ఉదయ చోడుని పేరు మీద వెలసినదే ఉదయసముద్రం. కాకతీయ రుద్రదేవుని 1163 నాటి అనుమకొండ శాసనంలో అతడు ఎదుర్కొన్న ప్రత్యర్థులలో చోడోదయుని ప్రస్తావన ఉంది కనుక ఈ చోడులు ఆ కాలానికి లెక్కలోకి తీసుకోవలసిన బలంగానే ఉన్నారని అర్థమవుతుంది. చెరువుకు సముద్రమని పేరు పెట్టడం తెలుగు నేల మీద రాజులకు అలవాటే. కానీ కట్ట మీద నిలబడి అవతలి ఒడ్డు వెతుక్కునే వారికి ఇక్కడ ఆ పేరు మరీ అతిశయోక్తిగా అనిపించదు.

కట్టకు దిగువన, వరి పొలాల నడుమ ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్లు ఒకే మండపానికి తెరుచుకునే త్రికూటం అది. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద నిలువుగా ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా పడి ఉంటుంది. ఎదురుగా సూటిగా ఏ స్తంభమూ నీడ పడేలా అడ్డు నిలవకపోవడమే అక్కడి వింత. మండపంలోకి వేర్వేరు వైపుల నుంచి వచ్చే పగటి వెలుగు స్తంభాల మధ్యగా లోపలికి చేరే తీరులోనే దాని కిటుకు ఉంది. సూటిగా పడే ఎండతో పని లేదు కనుకనే సూర్యుడు జరిగినా నీడ జరగదు. గుడి గురించి ఇంత చెప్పడం దారి తప్పడమేమీ కాదు. వెలుగును ఏ రంధ్రం గుండా ఎంత రానివ్వాలో అంత కచ్చితంగా లెక్క కట్టిన పనివాళ్లకు, తూము గుండా నీరు ఎంత వదలాలో లెక్క కట్టడం కష్టమైన పని అయి ఉండదు. గుడి, దాని కోనేరు, చుట్టూ పొలాలు, పైన చెరువు, ఇవన్నీ ఒకే అమరికలో భాగాలు. కొద్ది దూరంలోని పచ్చల సోమేశ్వరాలయాన్ని, పక్కనున్న మ్యూజియంలోని శాసనాలను చూసినవారికి ఈ ఊరు ఒకప్పుడు ఎంతటిదో ఊహకు అందుతుంది.

చెరువు కట్టిన చోటును గమనిస్తే మరో విషయం బయటపడుతుంది. ఇక్కడి వర్షపాతం నమ్మదగినది కాదు. కేవలం చుట్టుపక్కల వాగుల మీద ఆధారపడితే ఇంత విశాలమైన చెరువు ప్రతి ఏటా నిండదు. అందుకే ఉదయసముద్రానికి కృష్ణ కంటే చాలా ముందే మరో నదితో సంబంధం ఏర్పడింది. అది మూసీ. వలిగొండ ప్రాంతంలోని నెమలికాలువ దగ్గర మూసీకి అడ్డంగా ఉన్న ఆనకట్ట నుంచి బయలుదేరే ఆసిఫ్‌నహర్ కాలువ దారిలోని చెరువులను, పొలాలను తడుపుతూ చివరికి పానగల్లు చెరువుకు చేరేలా తీర్చినది. నహర్ అంటేనే కాలువ. ఆ పేరు అసఫ్‌జాహీల కాలపు ముద్ర. ఈ చెరువు మీద ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు శాసనం కూడా ఒకటి ఉంది. అతడు ఏలినది 1550 నుంచి 1580 వరకు. చోడులు పోయి, కాకతీయులు పోయి, గోల్కొండ పాలన వచ్చాక కూడా చెరువు గురించి రాతి మీద రాయించుకోవలసినంత అవసరం ఉండిందంటే, రాజు ఎవరైనా శిస్తు వచ్చేది ఈ తూముల కిందనేనని అందరికీ తెలుసునన్న మాట. నిజాం రాజ్యపు రెవెన్యూ కాగితాల్లో వానకాలపు వరిని ఆబీ అనీ, యాసంగి వరిని తాబీ అనీ విడదీసి రాసేవారు. తాబీ పండించగల చెరువు ఉన్న ఊరికి ఉండే విలువ వేరు.

అంటే ఉదయసముద్రం పూర్వం నుంచీ కాలువ చెరువే. వాన, వాగు, మూసీ కాలువ అనే మూడు వనరులు ఉన్న రోజుల్లో ఒకటి తప్పితే మరొకటి ఆదుకునేది. ఇప్పుడు దాని బతుకు ప్రధానంగా నాలుగో వనరు మీదికి, అంటే పుట్టంగండి మోటార్ల మీదికి మారింది. ఈ మార్పులో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఒక వలయం. అక్కంపల్లి నుంచి కృష్ణా నీరు హైదరాబాదుకు వెళ్తుంది. అక్కడ కోటిమంది ఇళ్లలో వాడుక అయ్యాక అది మురుగుగా మారి మూసీలో కలుస్తుంది. ఆ మూసీ వలిగొండ వైపు దిగి, ఆసిఫ్‌నహర్ ఆనకట్ట దగ్గరికి వస్తుంది. అంటే ఉదయసముద్రానికి దక్షిణం నుంచి వచ్చే కాలువ మంచినీటిదీ, ఉత్తరం నుంచి వచ్చే పాత కాలువ ఆ మంచినీరే నగరం చుట్టి వచ్చాక మిగిలినదీ అన్నమాట. మూసీ శుద్ధి గురించి మాట్లాడేటప్పుడు నగరంలోని వంతెనల దగ్గరి దృశ్యాలనే చూపిస్తారు గానీ, ఆ ప్రశ్నకు రెండో కొస నల్లగొండ, భువనగిరి పొలాల్లో ఉంది.

మంచినీటి మాట వచ్చింది కనుక ఫ్లోరైడు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేము. నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు శిల. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొద్దికొద్దిగా భూగర్భజలంలోకి కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉండటం, ఆ నీటికి క్షార గుణం ఉండటం, ఇవన్నీ కలిసి దాని మోతాదును పెంచుతాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది హద్దు. అంతకు మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో యాభై ఏళ్ల మనిషి నులక మంచం మీంచి లేవడానికి పట్టెను రెండు చేతులతో పట్టుకుని, ముందు భుజాలను కదిపి, తర్వాత నడుమును, చివరికి మోకాళ్లను ఒక్కొక్కటిగా ఒప్పించుకుంటూ నిలబడటం చూసినవారు దాన్ని మరచిపోలేరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్ అన్న పేరు ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఒక జబ్బుకు మందుగా అన్నది సంతోషించాలో బాధపడాలో తెలియని సంగతి. ఇంటింటా బకెట్లో పటిక కలుపుకుని, తేట వంచుకోవడం ఎంతకాలమని సాగుతుంది? కృష్ణా నీరు తప్ప మరో మార్గం లేదన్న అభిప్రాయం జిల్లాలో అలా బలపడింది.

ఆ అభిప్రాయం దేశం దృష్టికి వెళ్లిన తీరు ఎన్నికల చరిత్రలో నిలిచిపోయింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి చేసిన ఆందోళనలో భాగంగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. పోలింగును వాయిదా వేసి, ఆ తర్వాత జరపవలసి వచ్చింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. గెలవాలని పోటీ చేసినవారు ఆ పుస్తకంలో కొద్దిమందే, మిగిలిన వాళ్లందరూ నీళ్ల కోసం పేరు రాయించుకున్నవాళ్లు. శ్రీశైలం నుంచి నీరు తెచ్చే సొరంగం ఎప్పటికి తయారవుతుందో తెలియదు కనుక ముందు సాగర్ వెనుక నుంచి ఎత్తిపోసైనా నీరివ్వాలన్న నిర్ణయం అమలులోకి వచ్చింది ఆ దశాబ్దపు ఒత్తిడిలోనే. తర్వాత 2015లో చౌటుప్పల్‌లో పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథ కూడా ఈ ప్రాంతాన్నే తొలి గుమ్మంగా ఎంచుకోవడం వెనుక ఇదే నేపథ్యం ఉంది.

తాగునీరు చేరడంతో చెరువు నిర్వహణలో కొత్త పేచీ పుట్టింది. సాగునీటి చెరువును పంట చేతికొచ్చేదాకా వాడుకుని, ఎండకాలంలో ఖాళీ చేయవచ్చు. పూర్వం అలాగే చేసేవారు. నీరు వెనక్కి తగ్గినకొద్దీ బయటపడే శిఖం భూమిలో పుచ్చకాయలో, కూరగాయలో వేసుకునేవారు, ఒండ్రు మట్టిని బండ్లతో పొలాలకు తోలుకునేవారు. చెరువు ఎండటం కూడా దాని నిర్వహణలో ఒక భాగంగానే ఉండేది. పూడిక తీయడానికి అదొక్కటే వీలు. తాగునీటి జలాశయాన్ని అలా ఎండనివ్వకూడదు. వానలు మళ్లీ వచ్చి సాగర్ నిండేదాకా ఒక మట్టానికి తగ్గకుండా కాపాడాలి. అందువల్ల యాసంగి చివరలో, వరి పొట్టకొచ్చిన వేళ, కళ్లెదుట నిండుగా నీరు కనిపిస్తున్నా తూము మూసే ఉంటుంది. 'అన్ని నీళ్లు ఉంచుకుని మా పొలం ఎండబెడతారా' అని రైతు అడిగితే అది న్యాయమైన కోపమే. ఆ నీరు ఎవరి కోసం ఆపారో చెప్పే అధికారి మాటా న్యాయమైనదే. రెండు న్యాయాలు ఒకే తూము దగ్గర ఎదురుపడితే వారబందీ పెట్టడం తప్ప మరో ఉపాయం ఎవరికీ తోచలేదు. ఇన్ని రోజులు నీరు, ఇన్ని రోజులు బందు అని వంతులు వేసుకోవడమే వారబందీ. దాన్ని కాలువ మొదట్లో ఉన్నవారు పాటిస్తేనే చివరి వారికి అర్థం ఉంటుంది. రాత్రి వేళ కాలువ గట్టుకు పైపు వేసి మోటారుతో తోడుకునేవారి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పెద్దగా చెప్పరు.

దీనికి తోడు చెరువు బాధ్యతలూ పెరిగాయి. ఉదయసముద్రం నుంచి నీటిని మళ్లీ పైకి ఎత్తి, సొరంగం గుండా నార్కట్‌పల్లి మండలంలోని బ్రాహ్మణవెల్లెంల జలాశయానికి చేర్చి, అక్కడి నుంచి లక్ష ఎకరాలకు నీరివ్వాలనే ఎత్తిపోతల పథకం చాలా ఏళ్ల పనుల తర్వాత 2024 డిసెంబరులో ప్రారంభమైంది. మునుగోడు, నకిరేకల్ ప్రాంతాల మెట్ట భూములకు ఇది తప్పనిసరి అవసరమే. అయితే ఒకసారి సాగర్ నుంచి అక్కంపల్లికి, మరోసారి ఉదయసముద్రం నుంచి బ్రాహ్మణవెల్లెంలకు, ఇలా రెండుసార్లు ఎత్తిన నీటితో పంట పండించడం ఎంత ఖర్చుతో కూడుకున్నదో కూడా చెప్పుకోవాలి. పుట్టంగండిలో నాలుగు మోటార్లు ఒక రోజు పూర్తి సామర్థ్యంతో నడిస్తే 17 లక్షల యూనిట్లకు పైగా కరెంటు కాలుతుంది. ఒక టీఎంసీ ఎత్తడానికి దాదాపు అయిదు రోజులు కావాలి. అంటే టీఎంసీకి 83 లక్షల యూనిట్లు. ఇది మొదటి మెట్టు ఖర్చు మాత్రమే.

ఈ లెక్క చూస్తేనే సొరంగం మీద ఆశ ఎందుకు చావలేదో తెలుస్తుంది. శ్రీశైలం జలాశయం ఒడ్డున దోమలపెంట నుంచి నల్లమల కింద మన్నెవారిపల్లి దాకా దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, ఆ తర్వాత నక్కలగండి జలాశయం, మరో ఏడు కిలోమీటర్ల సొరంగం, పెండ్లిపాకల జలాశయం, అక్కడి నుంచి అక్కంపల్లి. 4,000 క్యూసెక్కుల చొప్పున ఏడాదికి 30 టీఎంసీల నీరు ఒక్క మోటారు కూడా తిరగకుండా రావాలి. ఆ 30 టీఎంసీలను పుట్టంగండిలో ఎత్తితే అయ్యే కరెంటు పై లెక్క ప్రకారం దాదాపు 25 కోట్ల యూనిట్లు, అదీ ప్రతి ఏటా. పనిని 2005లో అయిదేళ్ల గడువుతో అప్పగించారు. పైన పులుల అభయారణ్యం ఉంది కనుక మధ్యలో ఎక్కడా పైనుంచి బావి తవ్వి కొత్త ముఖం తెరిచే వీలు లేదు. రెండు కొసల నుంచే తొలుచుకుంటూ రావాలి. ఊట నీరు, వదులు రాయి, పాడైపోయే యంత్రాలు పనిని ఏళ్ల తరబడి లాగాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగంలో పద్నాలుగో కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారాల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. అప్పటికి రెండు ముఖాల మధ్య ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా రాయి మిగిలి ఉంది.

ఆ తొమ్మిది కిలోమీటర్లు పూర్తయ్యేదాకా ఉదయసముద్రం భాష మోటార్ల భాషే. పొద్దున్నే కట్ట మీద నడకకు వచ్చే పెద్దవాళ్ల మాటలు వింటే ఇది బాగా తెలుస్తుంది. వెనుకటి తరం వాళ్లు నీటి గీతను చూసి 'మత్తడి దుంకుతదా ఈసారి' అనుకునేవారు. ఇప్పుడు కట్ట రాయి మీద కూర్చున్న పెద్దమనిషి పక్కాయనను అడిగేది వేరు.

"పుట్టంగండ్ల ఎన్ని మోటార్లు నడుస్తున్నయే?"

"రెండేనంట."

రెండంటే 1,200 క్యూసెక్కులు. అందులో హైదరాబాదు వాటా పోగా మిగిలేది 680. అక్కంపల్లి నుంచి పానగల్లు దాకా దారిలోని తూములన్నీ తాగాక ఆ నీటిలో చెరువుకు చేరేది ఎంతో ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకుని, రేపు నారుమడి దున్నాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకుంటాడు.